భర్తను పోగొట్టుకున్న తల్లికి కౌన్సెలింగ్: బరంపురం నుంచి వచ్చిన ప్రశ్నకు సమాధానం

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు మొదట క్లుప్తంగా చెబుతాను, చదివే ఇతరులకు కూడా సందర్భం తెలుస్తుంది. మీ నాన్నగారు పోయి 8 నెలలైంది. 58 ఏళ్ల మీ అమ్మగారు ఒడిశాలోని బరంపురంలో మీ దంపతుల దగ్గరే ఉంటున్నారు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడతారు. హిందీ, ఇంగ్లీషు రావు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని, గుండెల్లో మంటగా ఉంటోందని, అన్నం సహించడం లేదని అంటున్నారు. తెల్లవారుజామున నాన్నగారు వచ్చి మంచం పక్కన కూర్చున్నట్టు అనిపిస్తోందని కూడా చెబుతున్నారు. గుండె పరీక్షల్లో దోషమేమీ కనబడలేదు. ఎవరో చెబితే పెద్ద నగరంలోని ఒక కౌన్సెలర్‌తో వీడియోలో మాట్లాడించారు. ఆవిడ హిందీలో అడగడం, మీరు పక్కన కూర్చుని తెలుగులో చెప్పడం, ఇలా ఒక గంట గడిచింది. నాన్నగారు కనిపించడం భ్రమ అని, గోడ మీది ఫోటో కొన్నాళ్లు తీసి లోపల పెట్టమని, ఇకనైనా తన కోసం తాను బతకడం నేర్చుకోవాలని ఆవిడ సలహా ఇచ్చారు. "ఆ పిల్లకి మనిల్లు తెలీదు బాబూ, నానేటి సెప్పినా ఆవిడికి అందదు" అని అమ్మగారు లేచిపోయారు, మళ్లీ కూర్చోనంటున్నారు.

మీరు అడిగినవి మూడు. కౌన్సెలింగ్ మనలాంటి వాళ్లకు సరిపడేది కాదేమో అన్నది మొదటిది. మన ఆచారాలనూ నమ్మకాలనూ గౌరవించే కౌన్సెలర్ దొరికితే, అది నిజంగా చికిత్సేనా లేక ఓదార్పు మాటలేనా అన్నది రెండవది. ఇచ్ఛాపురంలోని బంధువులు పట్టుబడుతున్నట్టు గుణియాకు, అంటే భూతవైద్యుడికి, చూపించాలా అన్నది మూడవది. ఆంధ్ర-ఒడిశా సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న తెలుగు కుటుంబాల మధ్య చాలా ఏళ్లుగా కౌన్సెలర్‌గా పనిచేస్తున్న మనిషిగా నా అభిప్రాయం రాస్తున్నాను. అమ్మగారిని చూడకుండా ఆమెకున్నది ఫలానా జబ్బు అని చెప్పలేను, చెప్పకూడదు కూడా. ఆమెను చూడబోయే కౌన్సెలర్ ఎలా పనిచేయాలో, మీరు వారి నుంచి ఏమి ఆశించవచ్చో మాత్రం చెప్పగలను.

మొదటి ప్రశ్నకు జవాబు సూటిగా చెబుతాను. కౌన్సెలింగ్ మీ అమ్మగారికి పనికివస్తుంది. అక్కడ బెడిసికొట్టింది కౌన్సెలింగ్ కాదు, ఆ గంట నడిచిన తీరు. దుఃఖంలో ఉన్న మనిషి తన బాధను తన పద్ధతిలో పూర్తిగా చెప్పుకోకముందే దానికి మరొకరి పేరు పెట్టి, పరిష్కారం చేతిలో పెట్టారు. పైగా కొడుకే దుబాసీ. కోడలి గురించి గాని, మీ నాన్నగారు మిగిల్చిపోయిన అప్పు గురించి గాని, తనకే చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట గాని తల్లి కొడుకు నోటి మీదుగా మరొకరికి చెప్పించుకోగలదా? ఆ గంటలో ఆమె నిజంగా ఏమి చెప్పాలనుకున్నారో మీకూ తెలియదు, ఆ కౌన్సెలర్‌కూ తెలియదు. మాతృభాషలో జరిగే చికిత్స మేలని చెప్పడం భాషాభిమానం కొద్దీ కాదు. 76 అధ్యయనాలను కలిపి చూసి 2006లో ప్రచురించిన ఒక సమీక్ష, సంస్కృతికి తగినట్టు మలచిన చికిత్సలకు చెప్పుకోదగ్గ ఫలితం ఉందని, అమెరికాలో ఇంగ్లీషు మాతృభాష కానివారికి ఇంగ్లీషులో చేసిన చికిత్స కంటే వారి సొంత భాషలో చేసినది దాదాపు రెట్టింపు ఫలితమిచ్చిందని తేల్చింది. బరంపురంలో ఉన్నాం గనుక ఒడియా కౌన్సెలర్ చాలదా అని మీరు అడగవచ్చు. మీ అమ్మగారు కూరగాయల బేరం ఒడియాలో ఆడగలరు, పక్కింటివారితో కష్టసుఖాలూ మాట్లాడుకోగలరు. అయితే పెళ్లినాటి సంగతి, చివరి రోజున ఆసుపత్రిలో ఏమి జరిగిందన్న సంగతి ఏ భాషలో ఏడుస్తూ చెప్పగలరో ఆ భాష తెలిసిన మనిషి కావాలి. తెలుగు అర్థమయ్యే ఒడియా కౌన్సెలర్ దొరికినా మంచిదే. మన జిల్లాలో అలాంటివారు అరుదేమీ కాదు.

నాన్నగారు కనిపించడం మీ అందరినీ ఎక్కువగా భయపెట్టినట్టుంది. బంధువులు దాన్ని గాలి సోకడమన్నారు, కౌన్సెలర్ భ్రమ అన్నారు, మీరేమో పిచ్చి పడుతోందేమోనని లోలోపల భయపడుతున్నారు. 1971లో డెవీ రీస్ అనే వైద్యుడు వేల్స్ ప్రాంతంలో భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని అడిగితే, వారిలో దాదాపు సగం మంది పోయినవారి ఉనికి తమకు ఏదో ఒక రూపంలో తెలుస్తోందని చెప్పారు. కొందరు చూశామన్నారు, కొందరు గొంతు విన్నామన్నారు, ఎక్కువమంది పక్కనే ఉన్నట్టు అనిపిస్తుందన్నారు. అది తమకు ధైర్యంగా ఉందని చాలామంది చెప్పారు. వారెవరూ మన ఊళ్లవాళ్లు కారు, మన నమ్మకాలు వారికి లేవు. నిద్రకూ మెలకువకూ మధ్య వేళలో, దీర్ఘకాలం ఒకే మంచం పంచుకున్న మనిషి పక్కన ఉన్నట్టు అనిపించడం దుఃఖంలో సహజంగా జరిగేదే. కాబట్టి మొదట అడగవలసింది, ఆయన నిజంగా వచ్చారా లేదా అని కాదు. వచ్చినప్పుడు అమ్మగారికి ఎలా ఉంటోంది, ఊరటగా ఉంటోందా, భయంగా ఉంటోందా, ఆయన ఏమైనా అంటున్నారా అని అడగాలి. ఊరటగా ఉంటే దాన్ని పోగొట్టాలని చూడనక్కరలేదు, ఫోటో తీయించనూ అక్కరలేదు. ఆ గొంతు తనను రమ్మని పిలుస్తోందన్నా, పగలంతా ఎవరెవరివో గొంతులు వినబడుతున్నాయన్నా, ఇరుగుపొరుగు తనకు విషం పెడుతున్నారన్నా, ఉన్నట్టుండి తేదీ, చోటు, మనుషులు తెలియకుండా పోతున్నా అది వేరే సంగతి. వెంటనే మానసిక వైద్యులకు చూపించాలి. ఆకస్మికంగా వచ్చే గందరగోళానికి సోడియం తగ్గడమో, మూత్రంలో ఇన్‌ఫెక్షనో, వాడుతున్న మందో కూడా కారణం కావచ్చు.

8 నెలలు ఎక్కువా, తక్కువా? 2022 జనవరిలో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి జబ్బుల జాబితా ఐసీడీ-11, విడవని దుఃఖాన్ని ఒక రుగ్మతగా గుర్తించడానికి కనీసం 6 నెలలు గడవాలంటుంది. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం వారి మానసిక రుగ్మతల పుస్తకం డీఎస్ఎమ్-5కు అదే ఏడాది వచ్చిన సవరణ పెద్దవారి విషయంలో ఏడాది ఆగమంటుంది. రెండూ చెప్పే మరొక షరతును చాలామంది మరచిపోతారు. ఆ దుఃఖం ఆ మనిషి సమాజంలో, మతంలో, సంప్రదాయంలో మామూలుగా ఉండేదాని కంటే స్పష్టంగా మించి ఉండాలి. అంటే సంప్రదాయాన్ని తెలుసుకోవడం కౌన్సెలర్ దయతో చేసే పని కాదు, రోగనిర్ధారణలో భాగం. మన ఇళ్లలో మొదటి ఏడాదంతా నెలనెలా మాసికాలు పెడతారు, పండుగలు చేయరు, సంవత్సరీకం అయ్యాక గాని ఇంట్లో శుభకార్యాల ఊసెత్తరు. ఆ లెక్కలో మీ అమ్మగారు ఇంకా దుఃఖపు ఏడాదిలోనే ఉన్నారు. 8 నెలలైనా ఏడుస్తున్నారు గనుక జబ్బే అనడం తొందరపాటు. ఏడాది తిరిగితే అదే సర్దుకుంటుందని ఊరుకోవడం కూడా అంతే తొందరపాటు, ఎందుకంటే దుఃఖం పక్కనే డిప్రెషన్ కూడా ఉండవచ్చు. దానికి ఏడాది ఆగవలసిన పనిలేదు. రోజులో ఎక్కువ భాగం దిగులు, దేనిమీదా మనసు లేకపోవడం, తిండీ నిద్రా చెడటం, తాను ఎందుకూ పనికిరానిదాన్నన్న భావం రెండు వారాలు వరుసగా ఉంటే పరీక్షించి చూడాలి.

ఇక మంచి కౌన్సెలర్ మొదటి సమావేశంలో ఏమి చేస్తారో చెబుతాను, మీకు పోల్చుకోవడానికి ఉంటుంది. వారు జబ్బు పేరుతో మొదలుపెట్టరు. "అమ్మా, మీకు వచ్చిన కష్టం ఏమిటని మీరు అనుకుంటున్నారు? ఎందుకు వచ్చిందనుకుంటున్నారు? ఇంట్లోవాళ్లు ఏమంటున్నారు? ఇంతవరకు ఎవరెవరి దగ్గరకు వెళ్లారు? ఏది చేస్తే కాస్త తెరిపిగా ఉంది? మా దగ్గర నుంచి ఏమి కావాలి?" అని అడుగుతారు. ఇవి ఆదరణ కోసం అడిగే మాటలుగా కనిపిస్తాయి గాని, వీటి వెనుక శాస్త్రం ఉంది. రోగి తన జబ్బును తాను ఎలా వివరించుకుంటున్నాడో మొదట తెలుసుకోవాలని అమెరికన్ మానసిక వైద్యుడు ఆర్థర్ క్లైన్‌మన్, ఆయన సహచరులు 1978లోనే ప్రతిపాదించారు. 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5లో ఇదే పద్ధతిని 16 ప్రశ్నల ముఖాముఖిగా చేర్చారు. మీ అమ్మగారు గుండెల్లో మంట అంటే కౌన్సెలర్ ఆ మంట గురించే అడగాలి. ఎప్పుడు లేస్తుంది, పొద్దున్నా సాయంత్రమా, ఎవరు వచ్చినప్పుడు ఎక్కువవుతుంది, ఏ వస్తువు చూస్తే ఎక్కువవుతుంది, మజ్జిగ తాగితే తగ్గుతుందా, గుడికి వెళితే తగ్గుతుందా అని. ఇలా నాలుగు ప్రశ్నలు అడిగేసరికి "సాయంత్రం ఆరయితే మొదలవుద్ది, ఆయన డూటీ నుంచి వచ్చే యేళ" అన్న మాట వస్తుంది. మంట దగ్గర మొదలైన మాట మనిషి దగ్గరకు తనంతట తానే చేరుతుంది. అది అసలు మంట కాదు, మీ దిగులు అని మొదటి రోజే దిద్దితే ఆ దారి మూసుకుపోతుంది. అన్నట్టు, పరీక్షలు బాగున్నాయన్నారు గాని థైరాయిడ్, హిమోగ్లోబిన్, చక్కెర, బీ12 చూశారో లేదో రాయలేదు. చూడకపోతే చూపించండి, ఈ వయసులో అలసటకూ నిద్రలేమికీ వాటి వాటా ఉండవచ్చు.

కుటుంబం విషయంలోనూ పుస్తకాల పద్ధతికీ మన ఇళ్ల పద్ధతికీ తేడా ఉంది. ఒంటరిగా గదిలో కూర్చోబెట్టి, మీ జీవితం మీది అనడం మీ అమ్మగారికి ధైర్యమివ్వదు, దిక్కులేనిదాన్నయ్యానన్న భయాన్ని పెంచుతుంది. కుటుంబాన్ని చికిత్సలోకి తీసుకోవడం మన దేశంలో కొత్తదేమీ కాదు. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలోనే గుడారాలు వేయించి, రోగుల బంధువులను అక్కడ ఉండనిచ్చి, వారికి జబ్బు గురించి చెబుతూ వైద్యం చేశారు. మీ అమ్మగారి విషయంలో నేనయితే మొదటి పావుగంట మీ అందరితో కలిసి, తర్వాత చాలాసేపు ఆమెతో ఒంటరిగా, చివర్లో ఆమె అనుమతించిన మేరకు మళ్లీ మీతో మాట్లాడతాను. ఆ మధ్య భాగం తప్పనిసరి. ఆమె అక్కడ చెప్పినదాన్ని మీకు చెప్పకపోవడం కౌన్సెలర్ మొండితనం కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ మానసిక చికిత్స పొందే మనిషికి గోప్యత హక్కు ఇచ్చింది. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాల్లో దానికి మినహాయింపులున్నాయి, వాటిని కౌన్సెలర్ మొదటి రోజే అమ్మగారికి చెప్పాలి.

మరొక విషయం. మన పెద్దవాళ్లు కౌన్సెలర్ దగ్గర కూర్చుంటే "మరి నన్నేటి సెయ్యమంటారు?" అని అడుగుతారు. దానికి "మీకేమనిపిస్తోంది?" అని తిరిగి అడిగితే, ఏమీ తెలియని మనిషి దగ్గరకు వచ్చామనుకుని లేచిపోతారు. గురుశిష్య సంబంధం మన దేశంలో మానసిక చికిత్సకు ఒక నమూనా కాగలదని మానసిక వైద్యుడు డాక్టర్ జె.ఎస్.నేకీ 1973లోనే రాశారు. పెద్దరికాన్ని ఆశించి వచ్చినవారికి మొదట్లో కొంత పెద్దరికం ఇవ్వాలి, చేయదగిన పని ఒకటి చెప్పాలి, క్రమంగా నిర్ణయాలు వారి చేతికి అప్పగించాలి. దీంతో నేను చాలావరకు ఏకీభవిస్తాను. గురువు స్థానం రుచి మరిగి దిగనంటున్న కౌన్సెలర్లను కూడా చూశాను గనుక పూర్తిగా మాత్రం కాదు.

రెండవ ప్రశ్నకు వద్దాం. ఇదంతా ఓదార్పేనా? కాదు, ఓదార్పుతో ఆగిపోతే అది చికిత్స కాదు. దిగులులో మనిషి పనులు మానేస్తుంది, పనులు మానేసినకొద్దీ దిగులు పెరుగుతుంది, ఈ చక్రాన్ని పనుల వైపు నుంచి విరవాలన్నది బిహేవియరల్ యాక్టివేషన్ అనే చికిత్సకు మూలం. గోవాలో మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ బృందం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దీన్ని పరీక్షించింది. మనస్తత్వశాస్త్రం చదవని స్థానికులకు శిక్షణ ఇచ్చి, 6 నుంచి 8 సమావేశాల్లో స్థానిక భాషల్లో ఈ చికిత్స చేయించింది. మామూలు వైద్యం మాత్రమే అందినవారి కంటే ఇది కూడా అందినవారిలో డిప్రెషన్ ఎక్కువగా తగ్గిందని 2017లో ప్రచురించిన ఫలితాలు చెప్పాయి. మీ అమ్మగారి విషయంలో ఆ పనులు ఏవి? మార్నింగ్ వాక్, డైరీ రాయడం, యోగా క్లాసు అని కాగితం మీద రాసిస్తే వృథా. నాన్నగారు పోయాక ఆమె మానేసిన పనులేవో ఆమెనే అడగాలి. తులసి కోట దగ్గర దీపం మానేశారా, వత్తులు చేయడం మానేశారా, ఈ ఏడాది ఊరగాయ పెట్టారా, పక్కింటి ఒడియా ఆవిడతో సాయంత్రం మెట్ల మీద కూర్చోవడం మానేశారా? వాటిలో అన్నిటికంటే తేలికైనది ఒకటి ఎంచుకుని, ఏ వేళకు, ఎవరు తోడుగా చేయాలో నిర్ణయించి, చేసినరోజు మంట ఎంత, చేయనిరోజు ఎంత అని పదిలో అంకె చెప్పమని అడగాలి. ఆరు గంటలకు మంట లేస్తుందంటే ఆ ఆరు గంటల వేళకే పని కుదర్చాలి. వారం వారం అంకె మారుతోందా లేదా చూడాలి. నాలుగైదు వారాలకూ కదలకపోతే పద్ధతి మార్చాలి, లేదా మానసిక వైద్యుల దగ్గరకు పంపాలి. చికిత్సకూ పరామర్శకూ తేడా ఈ లెక్క దగ్గరే ఉంది.

మీ ప్రశ్న చివర ఒక వాక్యం రాసి వదిలేశారు. పోయిన నెల ఇచ్ఛాపురంలో మేనకోడలి సీమంతానికి వెళితే అమ్మగారు రోజంతా వెనుక గదిలోనే ఉండిపోయారని, తిరిగి వచ్చాక అన్నం మరీ తగ్గించారని. నా దృష్టిలో మీ ఉత్తరం మొత్తంలో ముఖ్యమైన వాక్యం అదే. ఆమె తానే వెళ్లి కూర్చున్నారా, ఎవరైనా కూర్చోమన్నారా, ఎవరూ నోటితో చెప్పకపోయినా చూపులతో చెప్పారా? గుండెల్లో మంటకు ఆ గదితో సంబంధం ఉందో లేదో తెలుసుకోకుండా నిద్రమాత్రలు రాసిస్తే ఏమి లాభం? పసుపు కుంకుమలు, పేరంటం, ఎదురు రావడం వంటి వాటి చుట్టూ మన సమాజం భర్త పోయిన స్త్రీ మీద పెట్టిన ఆంక్షలు దుఃఖం మీద అవమానాన్ని మోపుతాయి. సంస్కృతిని గౌరవించడమంటే ఇంట్లో నడిచే ప్రతి ఆనవాయితీకీ తలూపడం కాదు. మాసికం పెట్టడం ఆమెకు ఆసరా కావచ్చు, సీమంతంలో వెనుక గది ఆమెకు కోత కావచ్చు. రెండూ సంప్రదాయం పేరుతోనే వస్తున్నాయి. ఏది ఆసరా, ఏది కోత అన్నది చెప్పవలసింది ఆమె. కౌన్సెలర్ కాదు, మీరు కూడా కాదు.

ఆమెకు అది కోతే అయితే, కౌన్సెలర్ స్త్రీల హక్కుల మీద ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు. మన సంప్రదాయంలో దాన్ని కాదన్న గొంతులు కూడా ఉన్నాయి. కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న, ఆయన పరాయివాడు కాదు. ఇంట్లో మాట చెల్లే పెద్ద ముత్తైదువ ఒకరు "వదినా, పిల్లకి మొదటి అక్షింతలు నువ్వే వెయ్యాల" అంటే నా పది సమావేశాలు చేయలేని పని ఆ ఒక్క మాట చేస్తుంది. అటువంటి మనిషి మీ బంధువుల్లో ఎవరున్నారో చూడండి. పురోహితులను అడిగినా తప్పులేదు. వారిలో ఉదారంగా చెప్పేవారు మీరనుకున్నంత తక్కువ మంది కారు. దీనికి తిరగబడిన పొరపాటు కూడా ఒకటి జరుగుతుంది. చదువుకున్న పిల్లలు ఉత్సాహం కొద్దీ బొట్టు పెట్టుకో అమ్మా, రంగు చీర కట్టుకో అమ్మా అని తల్లిని వేధిస్తారు. ఆమెకు ఇష్టం లేకుంటే అది కూడా బలవంతమే. కాలమూ, నిర్ణయమూ ఆమెకే వదలాలి.

గుణియా సంగతి. బంధువుల మీద కోపగించుకోకండి, వారు తమకు తెలిసిన సాయం చెబుతున్నారు. గుడికి వెళ్లడం, తారాతారిణికి మొక్కుకోవడం, ఊరి అమ్మవారికి చీర పెట్టడం, ఇంట్లో పారాయణం చేయించడం వంటి వాటిలో అమ్మగారికి మనసు ఉంటే తప్పక చేయించండి, చికిత్స ఆపకుండా. ఆమె నమ్మకం చికిత్సకు అడ్డం కాదు. చాలాసార్లు ఇంట్లోంచి బయటకు అడుగు వేయించేది అదే. అమ్మవారి కొండ మెట్లు ఎక్కడానికి ఒప్పుకున్న మనిషి మూడు నెలలుగా వీధి గుమ్మం దాటకపోయి ఉండవచ్చు. గుణియా దగ్గర మాత్రం నేను కొన్ని గీతలు గీస్తాను. కొట్టడం, వాతలు పెట్టడం, పొగ పట్టడం, కట్టేయడం, పస్తు ఉంచడం, తెలియని మందు తాగించడం, డాక్టరు ఇచ్చిన మాత్రలు మానేయమనడం, ఫలానా ఆడమనిషి చేతబడి చేసిందని పేరు చెప్పడం, వేలకు వేలు అడగడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అక్కడి నుంచి లేచి వచ్చేయాలి. పేరు చెప్పడం మరీ ప్రమాదకరం. మన రాష్ట్రంలో మంత్రగత్తెలన్న నెపంతో మనుషులను చంపిన ఘటనలున్నాయి గనుకనే ఒడిశా ప్రభుత్వం 2013లో దాని మీద ప్రత్యేక చట్టం చేసింది. మానసిక జబ్బు ఉన్నవారిని గొలుసులతో కట్టడాన్ని 2017 చట్టం 95వ సెక్షన్ నిషేధించింది. అమ్మగారు మాత్రం తనకు గాలి సోకిందని మీతో అనలేదు, ఆ మాట బంధువులది. ఆమె నమ్మని వైద్యానికి ఆమెను లాక్కెళ్లడం ఏ సంప్రదాయంలోనూ గౌరవం కాదు.

మందుల గురించి తప్పనిసరిగా చెప్పాలి, ఎందుకంటే సంప్రదాయాన్ని గౌరవించే చికిత్స అనగానే మందులు లేని చికిత్స అని కొందరు అనుకుంటున్నారు. డిప్రెషన్ ఒక మోస్తరు దాటితే మందులు అవసరం కావచ్చు. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ వంటివి పనిచేయడం మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసి గుణం లేదని ఆపేస్తే ప్రయోజనం ఉండదు, తగ్గిందని ఒక్కసారిగా మానేసినా ఇబ్బందే. నిద్ర కోసం మందుల షాపులో చీటీ లేకుండా అల్‌ప్రాజొలామ్ కొనే అలవాటు మాత్రం మన ఊళ్లలో చాలా ఉంది. కొన్ని వారాలకే అది అలవాటుగా మారుతుంది, వయసు పైబడినవారు రాత్రి లేచినప్పుడు తూలి పడే ప్రమాదం పెరుగుతుంది. ఇప్పటికే వాడుతుంటే మీరే హఠాత్తుగా ఆపకండి, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

ఇంకొకటి మీరు ఈ వారమే అడగాలి, కౌన్సెలర్ కోసం ఆగకుండా. భర్త పోయిన ఆడవాళ్లు "ఆయనతో పాటే పోతే బాగుండేది" అనడం మన ఇళ్లలో మామూలు మాట, అందుకే ఎవరూ పట్టించుకోరు. పక్కన ఎవరూ లేనప్పుడు, చేతిలో చేయి వేసి, "అమ్మా, పోవాలని అనిపిస్తోందా? ఎలా పోవాలన్న ఆలోచన కూడా వస్తోందా?" అని స్పష్టంగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కరలేదు, అలా పుట్టదు. ఆలోచన ఉందన్నా, జవాబు దాటవేసినా, నగలు పంచిపెడుతున్నా, మాత్రలు కూడబెడుతున్నా ఒంటరిగా వదలకండి. ఇంట్లోని పురుగుమందు, మిగిలిపోయిన నాన్నగారి మందులు తీసివేయండి. అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పోలీసు కేసు అవుతుందని వెనుకాడకండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించరాదని 2017 చట్టం 115వ సెక్షన్ చెబుతోంది.

ఎక్కడికి వెళ్లాలన్నదానికి, మీ ఊళ్లోనే ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. పరీక్ష, మందులు అక్కడ ప్రారంభించడం తేలిక. తెలుగులో సుదీర్ఘంగా మాట్లాడే కౌన్సెలర్ కావాలంటే శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు వెతకండి, మొదటి ఒకటి రెండు సార్లు నేరుగా వెళ్లి తర్వాత వీడియోలో కొనసాగించవచ్చు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరు మీద పగలూ రాత్రీ ఉచితంగా ఫోను చేయవచ్చు, భాష ఎంచుకునే వీలుంది. మన దేశంలో కౌన్సెలర్ అన్న బోర్డు ఎవరైనా పెట్టుకోగలుగుతున్నారు గనుక, క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకునేవారిని రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. కౌన్సెలర్‌నైతే ఏమి చదివారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేశారు, అమ్మగారితో ఒంటరిగా ఎంతసేపు మాట్లాడతారు, ఎన్నాళ్లకు ఫలితం చూస్తారు, గుణం కనబడకపోతే ఎవరి దగ్గరకు పంపుతారు అని అడగండి. చివరి ప్రశ్నకు జవాబు లేనివారి దగ్గరకు వెళ్లవద్దు. మన సంస్కృతి నాకు బాగా తెలుసు అని గొప్పగా చెప్పుకునేవారి కంటే, "మీ ఇంట్లో ఇది ఎలా చేస్తారమ్మా?" అని అడిగేవారిని ఎంచుకోండి. ఇచ్ఛాపురంలోని ఇంటి ఆచారం, బరంపురంలోని ఇంటి ఆచారం ఒకటి కావు. కులానికీ, వీధికీ కూడా మారతాయి.

అమ్మగారిని మళ్లీ ఒప్పించడం ఎలా అంటే, కౌన్సెలింగ్ అన్న మాటతో మొదలుపెట్టకండి. పోయినసారి నేను మధ్యలో కూర్చోవడం వల్ల నువ్వు మాట్లాడలేకపోయావు, ఈసారి తెలుగు ఆవిడ, నేను బయట కూర్చుంటాను, గుండెల్లో మంట గురించి, నిద్ర గురించి అడుగుతుంది, ఒక్కసారి చూసి నచ్చకపోతే మానేద్దాం అని చెప్పండి. ఆ మానేద్దాం అన్న మాటకు కట్టుబడి ఉండండి. సంవత్సరీకం ఇంకా నాలుగు నెలలుంది. తేదీ దగ్గరపడేకొద్దీ దుఃఖం మళ్లీ ఎగదన్నడం సాధారణం కాబట్టి, ఆ పదిహేను రోజుల్లో సమావేశాలు కాస్త దగ్గర దగ్గరగా పెట్టుకోమని కౌన్సెలర్‌కు ముందే చెప్పి ఉంచండి. వంట ఎవరు చేయాలి, ఎవరిని పిలవాలి, ఆయనకు ఇష్టమైన ఏ పదార్థం వడ్డించాలి అన్న నిర్ణయాలు అమ్మగారి చేతుల మీదుగా జరిగేలా చూడండి. పిలవవలసినవారి జాబితాలో సీమంతం ఇంటివారి పేర్లు ఎక్కడ రాయాలో కూడా ఆమెనే తేల్చుకోనివ్వండి.